రేపటి చెంచా

గుండె మాత్ర ఆపేద్దామంది డాక్టరమ్మ, సరే అన్నాను. కొలెస్ట్రాల్ మాత్ర ఆపేద్దామంది, సరే అన్నాను. మతిమరుపు ముదరకుండా ఇచ్చేది ఇక ఏం ఆపుతుంది, అదీ వద్దంది, దానికీ తలూపాను. అవన్నీ నాకు తెలియని సరుకు. తెలియని సరుకు విషయంలో తెలిసినవాళ్ళ మాట వినడం నా పద్ధతి. చివరగా ఆవిడ, విటమిన్ డి కూడా ఆపేద్దాం, పొద్దున మీరు పట్టించే చేప నూనె, అంది. అక్కడ నా తల ఆగింది. దీనికి మాత్రం ఒక గంట టైమివ్వమ్మా అన్నాను. ఆవిడ నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు కూడా. మిగతా గదులు చూసుకుని వస్తాను, ఆలోచించుకోండి అని చెప్పి వెళ్ళింది. దేశం దక్షిణపు కొస నుంచి మా ఉత్తరానికి ఈ మధ్యే వచ్చిన పిల్ల, పేరు విల్దె. మాకొక మనవరాలుంటే ఆ ఈడుదే అయ్యుండేది. పెద్ద మాటను మెల్లగా చెప్పడం ఎవరు నేర్పారో, బాగానే నేర్పారు. ఇప్పుడు ఈ వృద్ధాశ్రమం గదిలో నేనూ, నా భార్య రాగ్నా, మా ఇద్దరి మధ్య ఆ మాటా మిగిలాం.

రాగ్నా నిద్రపోవడం లేదు, మెలకువగానూ లేదు. కళ్ళు సగం తెరిచి పైకప్పు వైపు చూస్తోంది, అక్కడేదో పడవ నెమ్మదిగా వెళ్తున్నట్టు. చేతులు దుప్పటి మీద ఉన్నాయి, గోళ్ళు ఎవరో శ్రద్ధగా కత్తిరించారు. ఏ మాట విన్నా దాని వెనక లెక్కేమిటని చూడటం నాకు అలవాటు, అది పుట్టుకతో వచ్చిన రోగం అనేది రాగ్నా. ఇప్పుడూ అదే చేస్తున్నాను. నొప్పి మందు ఈ పూట నొప్పి కోసం. దాన్ని ఆపుదామనలేదు డాక్టరమ్మ, అవసరమైతే పెంచుదామంది. గుండె మాత్ర ఈ రోజు గుండె కోసం. చేప నూనె అలాంటిది కాదు. ఇవాళ మింగిన చెంచా ఇవాళ ఏమీ చేయదు. అది ఒంట్లోకి వెళ్ళి కొవ్వులో దాక్కుంటుంది. వారాలు గడిచాక, ఎముక అడిగినప్పుడు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. అందుకే మా ఊళ్ళో దాన్ని సూర్యుడు రాని రెండు నెలల చీకటి వచ్చాక మొదలుపెట్టం, ఆకులు ఎర్రబడేటప్పుడే మొదలుపెడతాం. కాడ్ చేప కూడా అంతే చేస్తుంది, సముద్రం అడుగున ఎండ మొహం చూడకుండా బతికే ఆ చేప తనకు కావలసినదంతా కాలేయంలో మూటకట్టుకుంటుంది. ఇది నిలవ సరుకు. ఎప్పుడూ రేపటి సరుకే. తలుపులు మూయబోయే కొట్లోకి ఎవరూ కొత్త నిలవ దించరు, నేనైనా దించను. ఆ పిల్ల చెప్పింది అదే. రాగ్నా వసంతం చూడదని చెప్పడానికి ఆవిడకు వేరే మాట దొరకలేదో, నాకు అర్థమయ్యే నూనె వ్యాపారం భాషలోనే చెబుదామనుకుందో తెలియదు. ఎలాగైనా నాకు అర్థమైంది. తక్కిన మాత్రలన్నిటికీ గబగబా తలూపినవాణ్ణి, వాటిలో ఏదీ నాకీ మాట చెప్పలేదు కాబట్టే ఊపాను.

కిటికీ అవతల మధ్యాహ్నం కావొస్తోంది. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, మా ఫ్యోర్డ్, నీళ్ళ మీద నీలం రంగు కాస్త పలచబడింది, అంతే. అవతలి ఒడ్డున కొండల అంచు తెలుస్తోంది, దాని మీద మబ్బు దుప్పటిలా పరుచుకుంది. ఇలాంటి నీలపు మధ్యాహ్నమే రాగ్నా మొదటిసారి, కాడ్ కాలేయాలు ఉడికించి నూనె తీసే మా షెడ్డులోకి వచ్చింది. బయట మంచు, లోపల ఆవిరి. తలుపు తీస్తే మనిషి ఉండడు, తెల్లటి పొగ ఉంటుంది, పొగలోంచి ముందు బూట్లు కనిపిస్తాయి, తరవాత నడుము, ఆఖరున మొహం. అందుకే నేను మొదట చూసింది ఆమె నడక. దొడ్డికాళ్ళు. పెద్ద వంకరేం కాదు, సరుకు ఒక పక్కకు జరిగిన పడవ కాస్త ఒరిగినట్టు ఒరుగుతూ నడిచింది. కొండ లోయలో, సముద్రానికి దూరంగా ఉన్న పొలాల్లో పుట్టిన పిల్ల, అందులోనూ యుద్ధకాలపు పిల్ల. అక్కడ చేప ఎండుదే దొరికేది, నూనె ఎవరికీ అందేది కాదు, చలికాలమంతా పశువుల కొట్టం పక్కన చీకటి గదిలో పెరిగితే ఎముక ఎక్కణ్ణించి గట్టిపడుతుంది. నాన్న నా చెవిలో, ఈ పిల్ల రోజంతా నిలబడలేదురా, వేరే మనిషిని చూడు అన్నాడు. చూద్దాం నాన్నా అన్నాను. ఆమె రోజంతా నిలబడింది. కాలేయాల నుంచి చేదుకట్టు కోసి తీసేసే పని ఇచ్చాం, అది చిట్లితే తొట్టెలో నూనె అంతా పచ్చగా మారి చేదెక్కుతుంది, ఒక్కటి చాలు. రాగ్నా చేతిలో ఎప్పుడూ చిట్లలేదు. ఆ వేళ్ళే ఇవి, దుప్పటి మీద ఉన్నవి. అప్పుడు వాటికి ఎంత కడిగినా పోని వాసన ఉండేది, డాన్సులకు వెళ్తే కుర్రాళ్ళు ముక్కు పక్కకు తిప్పుకునేవాళ్ళు. నేను తిప్పుకోలేదు. అందులో నా గొప్పేం లేదు, నాకూ అదే వాసన.

ఆమెకు నేనిచ్చిన మొదటి కానుక ఒక సీసా నూనె. ఆవిరి పెట్టగానే పైకి తేలే మొదటి నూనె, దాన్ని చలిలో ఉంచి గడ్డకట్టే కొవ్వంతా వడగట్టి, దీపం ముందు పట్టి చూసి, గడ్డి రంగులో మచ్చ లేకుండా ఉందని తేల్చుకున్నాక ఇచ్చాను. మంచి సరుకు ఇస్తే మనసు తెలుస్తుందనుకునే వయసు. సీసా మూత తీసి వాసన చూసి, "ఇది కానుకా, శిక్షా?" అంది. "రోజూ చెంచా తాగు, చీకటి పోయేదాకా," అన్నాను. "తాగితే కాళ్ళు సాపవుతాయా?" అని సూటిగా అడిగింది, నేను చూశానని తనకు ఎప్పుడో తెలుసు. అబద్ధమాడితే అమ్ముడుపోయే చోట కూడా నేను ఆడలేదు. "సాపవ్వవు. పెరిగిపోయిన ఎముక ఇక వంగిన చోటే ఉంటుంది. కానీ ఉన్నది ఉన్నట్టు నిలబడుతుంది," అన్నాను. ఆమె నవ్వి, "ఉన్నది నిలబడితే చాల్లే," అని అక్కడే, నా ఎదురుగానే, సీసా ఎత్తి ఒక గుక్క తాగి, మొహం నిమ్మకాయ నమిలినట్టు పెట్టింది. ఆ సంవత్సరం చీకటి పోయేలోపే మా పెళ్ళి మాట అయిపోయింది. వంకర సరుకు కొన్నాడని ఊళ్ళో ఇద్దరు ముగ్గురు అనుకున్నారు. వాళ్ళకు కొనుగోలంటే ఏం తెలుసు.

ఉన్నది నిలబడితే చాలు. కానీ బిడ్డ విషయంలో ఉన్నది చాలలేదు. చిన్నప్పుడు మెత్తగా ఉండి అణిగిన కటి ఎముక దారి ఇవ్వలేదు, డాక్టరు పడవ గాలివానలో అవతలి ఒడ్డు నుంచి దాటి రాలేకపోయింది, మంత్రసాని చేయగలిగింది చేసింది. ఆడపిల్ల, ఊపిరి లేకుండా పుట్టింది. తల మీద తెల్లటి వెంట్రుకలు. నేను ఆ రోజు షెడ్డుకు వెళ్ళాను, కాలేయాలు ఆగవు కదా, ఆ రోజు వచ్చినవి ఆ రోజే ఉడకాలి. రాగ్నా దాని గురించి తరవాత మాట్లాడింది తక్కువ. ఒకసారి మాత్రం చెంచా చేతిలో పట్టుకుని, "మా అమ్మకు ఇది దొరికి ఉంటే," అంది. వాక్యం అంతటితో ఆపి నూనె మింగింది. అప్పటినుంచి మా ఇంట్లో ఆ చెంచా ఒక మందు కాదు, ఒక పట్టుదల. మా షెడ్డుకు కాలేయాలు తెచ్చే ఇళ్ళల్లో ఎవరికి పిల్ల పుట్టినా రాగ్నా సీసా పట్టుకుని వెళ్ళేది, తల్లి వద్దంటే గుమ్మంలో కూర్చునేది, పట్టించేదాకా లేచేది కాదు. ఈ ఊళ్ళో ఇప్పుడు నిటారుగా నడిచే నడివయసు వాళ్ళలో చాలామంది చిన్నప్పుడు ఆమెను చూసి మంచం కింద దాక్కున్నవాళ్ళే. ఇక్కడి నర్సు తూరున్ కూడా దాక్కుంది.

ఆ తూరునే ఇప్పుడు తలుపు తీసింది, తీయగానే బన్నుల వాసన కూడా లోపలికి వచ్చింది. ఇవాళ సూర్యుడి రోజు. నవంబరులో పోయినవాడు ఇవాళ కొండ మీద తల చూపిస్తాడు కాబట్టి జామ్ పెట్టిన బన్నులు, కోకో, బళ్ళో పిల్లలకు సెలవు. వృద్ధాశ్రమంలో అందరినీ చక్రాల కుర్చీల్లో దక్షిణపు అద్దాల హాల్లోకి తోస్తారు. "బాబాయ్, పిన్నిని మంచంతో సహా తోసుకెళ్దామా? నలుగురిలో ఉంటుంది. ఎండ తగిలినా మంచిదే కదా," అంది తూరున్. ఎండ తగిలితే మంచిదట. యాభై ఏళ్ళ మనిషి, నర్సు చదువు చదివింది, అయినా నోటికి అదే వస్తుంది. మా వాళ్ళందరూ చేసే పొరపాటు ఇది. ఇంతకాలం చీకట్లో ఉన్నాక మొదటి ఎండను చూసి అందులో అన్నీ ఉన్నాయనుకుంటారు, దుప్పటి తీసి ముసలి చేతులు అద్దం దగ్గర పెడతారు. కొండ అంచున తల పెట్టి పోయే ఆ ఎండ వాలుగా, ఎంతో దూరం నుంచి వస్తుంది, దారిలోనే అంతా పోగొట్టుకుని వట్టి చేతులతో వస్తుంది. ఏప్రిల్ దాకా దానిలో చర్మానికి పనికొచ్చేది ఏమీ ఉండదు, ఇక అద్దం వెనకైతే వేసవిలోనూ ఉండదు. "వద్దులేమ్మా, ఇక్కడే ఉంటాం," అన్నాను. తూరున్ రాగ్నా దిండు సరిచేసి, "పిన్నీ, బన్ను పక్కన పెడతాను, బాబాయ్ తినేయకుండా చూసుకో," అని చెవి దగ్గర చెప్పి వెళ్ళింది. రాగ్నా ఇప్పుడు బన్ను తినే స్థితిలో లేదని ఇద్దరికీ తెలుసు.

తలుపు మూతపడకముందే ఒక చక్రాల కుర్చీ గుమ్మంలో ఆగింది. హాగ్‌బార్ట్. ఎన్నో ఏళ్ళు తన పడవ చేపల కాలేయాలు మాకే తెచ్చిపోసినవాడు, తెచ్చినన్నాళ్ళూ తగాదా పడినవాడు.

"ఒరే ఇంగోల్ఫూ, ఇంకా బతికే ఉన్నావా?"

"నీ కాలేయాలు కొని కూడా బతికున్నానంటే చూసుకో."

"నా కాలేయాలకేమైందిరా. వెన్నముద్దల్లా ఉండేవి. సగం కుళ్ళిందని ముక్కు మూసుకునేవాడివి."

"సగం కుళ్ళినవే తెచ్చేవాడివి."

"తెచ్చింది సగమే. నువ్వు బేరం ఆడుతూ నిలబెట్టేసరికి మిగతా సగం కుళ్ళేది."

నవ్వాడు, దగ్గాడు, దగ్గు ఆగాక నా భుజం మీదుగా మంచం వైపు చూశాడు. గొంతు తగ్గించాడు, చెవిటివాడు తగ్గిస్తే మామూలు గొంతు అవుతుంది. "రాగ్నా ఏమంటోంది?" "ఏమీ అనడం లేదు." "మా చిన్నదానికి పట్టించడానికి వచ్చి మా గుమ్మంలో కూర్చుంది ఒకసారి. మా ఆవిడ తిట్టిపోసింది. రాగ్నా లేస్తేగా." కిటికీ వైపు తల తిప్పాడు. "మబ్బు పట్టింది చూశావా. ఇవాళ కనపడడు." "కనపడడు." "అయినా వచ్చాడనే అంటాంలే," అని తనే చక్రాలు తోసుకుంటూ హాలు వైపు వెళ్ళాడు. అవును, అదీ మా ఊరి పద్ధతే. మబ్బు పట్టినా, మంచు కురిసినా, ఆ తారీఖు వస్తే సూర్యుడు వచ్చాడనే అంటారు, ఒకరికొకరు చెప్పుకుంటారు, బన్నులు తింటారు. ఎవరూ చూడరు, అందరూ నమ్ముతారు.

నేను నమ్మేవాణ్ణి కాదు. కంటికి కనపడని సరుకు చేరిందని ఎవడొప్పుకుంటాడు. మా ఇంటి మెట్ల మీద ఏటా ఈ రోజు మా ఇద్దరికీ ఇదే వాదన. రాగ్నా తలకు గుడ్డ కట్టుకుని, చలికి ఎర్రబడిన ముక్కుతో, మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుని నిలబడేది. మబ్బు పట్టిన ఏడు కూడా అలాగే నిలబడేది. ఎండ ఉన్న ఏడు నేను గుమ్మంలోంచి, దాన్లో ఏమీ లేదు రాగ్నా, లోపలికి రా, నూనె తాగుదువుగాని, అనేవాణ్ణి. "నోరు మూసుకోవయ్యా. ప్రతిదాన్నీ తూకం వేయకు. ఇది ఒంటికి కాదు," అనేది కళ్ళు తెరవకుండానే. మరి దేనికి అని నేను అడిగేవాణ్ణి కాదు, మనసుకు అని చెబుతుందని తెలుసు, మనసుకు ఎంత కావాలో ఎవరు కొలిచారు. కాసేపటికి లోపలికి వచ్చి చెంచా పట్టుకునేది. ఒక్క ఏడాది, కాస్త గాలి తగ్గి కొండ పైన సన్నటి గీతలా ఎండ పడినప్పుడు, నన్ను చెయ్యి పట్టి లాగి పక్కన నిలబెట్టింది, కళ్ళు మూసుకోమంది. మూసుకున్నాను. రెప్పల లోపల ఎర్రగా అయింది. అంతే. దాన్ని ఏ లెక్కలో చూపించాలో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ పోగొట్టుకోలేదు, ఇక్కడే ఎక్కడో ఉంది.

ఆమె ఎముకలు నిలబడ్డాయి. ఆ సంగతి నాకు గర్వం, ఎందుకు కాకూడదు. ఆమె ఈడు ఆడవాళ్ళు ఊళ్ళో ఒక్కొక్కరూ మంచు మీద జారి తుంటి విరిగి మంచాన పడ్డారు, కొందరు లేవలేదు. రాగ్నా జారేది, తిట్టుకునేది, మంచు దులుపుకుని లేచేది. ఒకసారి రేవు మెట్ల మీద నుంచి దొర్లి, లేచి కూర్చుని, "నీ సరుకు మంచిదేనయ్యా," అంది. వంకరకాళ్ళ పిల్ల అని నవ్వినవాళ్ళ కంటే నిటారుగా ఎక్కువకాలం నడిచింది. నేను చూసుకున్నది ఎముకల్ని. చీకటి వస్తుందని తెలుసు, ఎటువైపు నుంచి వస్తుందో తెలుసు, దానికి ముందుగా ఏం నిలవ చేయాలో తెలుసు, అంతా చేశాను. పోయింది వేరే వైపు నుంచి పోయింది. మొదట ఆమె చేపల కూర వండేటప్పుడు కాలేయం వేయడం మరిచిపోయింది, మా ఇంట్లో అది మరవడమంటే చెయ్యి మరిచిపోవడమే. తరవాత దారి మరిచిపోయింది. ఆ కాళ్ళు గట్టివి కాబట్టి ఎంత దూరమైనా తీసుకెళ్ళేవి, మంచులో, కొండ దారి పట్టి, పుట్టింటి లోయ వైపు. వెతుక్కుంటూ వెళ్ళేవాణ్ణి. అలసిపోయే కాళ్ళైతే దగ్గరలోనే దొరికేదని ఒకసారి అనుకున్నాను, అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. గోడలు బాగా కట్టిన ఇల్లు, లోపల దీపం ఆరిపోయింది. నూనె లేక కాదు.

ఈ చలికాలం మొదట్లో ఇక్కడ చేరాక కూడా చెంచా ఆపలేదు. రోజూ పొద్దున వచ్చి పట్టించాను. పేర్లు పోయాయి, నా మొహం పోయింది, కానీ చెంచా కింది పెదవికి తగిలితే నోరు దానంతట అదే తెరిచేది, మింగేది, మొహం చిట్లించేది. ఆ చిట్లింపులో పాత రాగ్నా ఒక్క క్షణం కనిపించేది, దానికోసమైనా వచ్చేవాణ్ణి. క్రిస్మస్ దాటాక దగ్గు మొదలైంది. నీళ్ళకు దగ్గు, జావకు దగ్గు. డాక్టరమ్మ ఇందాక బొమ్మ గీసి చూపించింది, మింగేది దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతోందట, నీళ్ళయితే ఒంట్లో ఇంకిపోతాయి, నూనె పోదు, అక్కడే కూర్చుని నిమోనియా చేస్తుంది. మిగతా మాత్రలు పనిలేనివి కాబట్టి ఆపుదామంది. ఇదొక్కటే, పనిలేనిదీ ప్రమాదమూ కూడా. నేను వెంటనే బేరానికి దిగాను, మనసులో. చెంచా వద్దు, చుక్క వేస్తే. చుక్క కూడా నూనే. మాత్రగా ఇస్తే. మాత్ర మింగలేదు. జావలో కలిపితే. జావే ఆపమంటున్నారు. సూదిగా ఉందట, ఇస్తారట, ఇస్తే వారాల తరవాత పనిచేస్తుంది, మళ్ళీ అక్కడికే వచ్చాను. వెనకటికి మా నాయనమ్మ వాళ్ళు పసిపిల్లల ఒంటికి రాసేవాళ్ళు, వాసన తప్ప లోపలికి ఏమీ పోయేది కాదు. ఏ దారిన వెళ్ళినా చివర అదే తలుపు. బేరంలో అవతలివాడి దగ్గర ఇవ్వడానికి నిజంగానే ఏమీ లేదని తెలిసే క్షణం ఒకటి ఉంటుంది, అప్పుడు మంచి వ్యాపారి లేచి టోపీ పెట్టుకుంటాడు. నేను లేవలేకపోతున్నాను. నాకు వసంతం కావాలి. ఎక్కువేం కాదు, మంచు కరిగి మా మెట్లు బయటపడేదాకా. ఆమె అక్కడ ఉండక్కర్లేదు, నన్ను గుర్తుపట్టక్కర్లేదు, ఇక్కడే ఈ మంచం మీద ఊపిరి తీస్తూ ఉంటే చాలు. అది ఎవరికోసం అడుగుతున్నావని రాగ్నా అయితే అడిగేది. సూటిగా అడిగేది.

హాల్లో పాట మొదలైంది. ముసలి గొంతులు, హాగ్‌బార్ట్ గొంతు అందరికంటే వెనక, అందరికంటే గట్టిగా. కిటికీలో మబ్బు అలాగే ఉంది, దాని అడుగున ఒక చోట బూడిద రంగు కాస్త పసుపుగా మారిందా, లేక నేనలా చూస్తున్నానా. లేచి మంచం చక్రాల బిగింపు తీశాను. మంచాన్ని కిటికీ వైపు తిప్పాను. దాన్లో ఏమీ లేదని తెలుసు, తెలిసే తిప్పాను. రాగ్నా కళ్ళు మూసుకుంది. వెలుగుకా, అలసటకా, చెప్పడానికి ఎవరూ లేరు.

డాక్టరమ్మ వచ్చింది. మంచం తిరిగి ఉండటం చూసింది, కుర్చీ లాక్కుని నాకు ఎదురుగా కూర్చుంది.

"ఒక్కటి అడుగుతానమ్మా. తిప్పి చెప్పకు."

"అడగండి."

"మంచు కరిగేదాకా ఉంటుందా?"

కాసేపు రాగ్నా వైపు చూసింది. "రోజులు నేను చెప్పలేనండి. కానీ ఏప్రిల్‌లో పనికొచ్చేదేదీ ఈవిడకు ఇప్పుడు మొదలుపెట్టను."

నేను ఊహించిన మాటే. అయినా వేరేవాళ్ళ నోట వింటే బరువు వేరు.

"దగ్గు బాధిస్తోందా?"

"బాధిస్తోంది. ప్రతిసారీ భయపడుతోంది, చేతులు చూడండి, దుప్పటిని ఎలా పట్టుకుంటుందో." తరవాత నెమ్మదిగా అంది, "మీరు ప్రేమగా పట్టిస్తున్నారని ఈవిడకు తెలియదు. దగ్గు మాత్రం తెలుస్తుంది."

ఇంత సూటిగా మాట్లాడే పిల్లను రాగ్నా ఇష్టపడేది, షెడ్డులో పనికి పెట్టుకునేది. "అయితే ఆపేయండి," అన్నాను. అంత చిన్న మాట. పెళ్ళికి ముందు సీసా ఇచ్చినప్పుడు కూడా చిన్న మాటే అన్నాను.

ఆవిడ లేవబోయి ఆగింది. "మీరు తీసుకుంటున్నారా? నూనె?"

ఎప్పుడు మానేశానో గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది. రాగ్నా ఇక్కడికి వచ్చాక ఇంట్లో పొద్దున పొయ్యి వెలిగించి, కాఫీ పెట్టుకుని, బయల్దేరడం. ఆమెకు పట్టించాలనే ధ్యాసలో నాది పోసుకోలేదు, ఇన్నాళ్ళూ ఆమెది పోసి నాది పోసేవాణ్ణి, ఒకరిదే పోసుకోవడం చేతికి రాలేదు. "లేదు," అన్నాను.

"మొదలుపెట్టండి," అంది, మందు రాసిచ్చే గొంతుతో కాదు. "మీకు అవసరం పడుతుంది."

ఆవిడ అటు వెళ్ళింది, ఇటు తూరున్ పళ్ళెంతో వచ్చింది. హాలు సందడిలో పొద్దుటి మందులు ఆలస్యమయ్యాయి, ఇంకా ఎవరూ తనకు చెప్పలేదు, పళ్ళెంలో చెంచా నిండుగా పోసి ఉంది, ఒలకకుండా నాలుక పంటి కింద పెట్టుకుని నడిచి వచ్చింది. "బాబాయ్, ఇదిగో, పిన్నిది. ఇవాళ నువ్వు పట్టిస్తావా, నన్ను పట్టించమంటావా?" "ఆపేశాం తూరున్," అన్నాను. ఆమె చెంచా వైపు చూసింది, నా వైపు చూసింది, అర్థమైంది, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. "మరి ఇది, పోసేశాను," అంది. చిన్నప్పుడు ఈ ఊళ్ళో పెరిగిన పిల్ల, పోసిన నూనెను తిరిగి సీసాలో పోయడమూ తెలియదు, తొట్టిలో ఒంపడమూ తెలియదు. బల్ల దగ్గర ఎవరైనా వద్దంటే పక్కన కూర్చున్నవాళ్ళు తాగాలి, అంతే, ఏ ఇంట్లోనైనా అంతే.

పక్కన కూర్చున్నది నేనే. చెంచా తీసుకున్నాను. కొట్లో కొన్న నూనె, నిమ్మ వాసన కలిపింది, నేను చేసిన సరుకు ముందు నిలబడదు, కానీ నిమ్మ కింద అదే కాలేయం, అదే సముద్రం. రాగ్నా వంతు మింగాను. ఇది ఇవాళ ఏమీ చేయదు. నెమ్మదిగా లోపలికి వెళ్ళి, ఒక మూల సర్దుకుని, మెట్ల మీద మంచు కరిగే రోజు దాకా ఆగుతుంది. ఆ రోజు నేను ఒక్కణ్ణే ఆ మెట్లు దిగాలి కాబట్టి, నా కాళ్ళకు కావాల్సి వస్తుంది.